నైరోబీ నుంచి దార్‌కి బస్సులో వెళ్తే డబ్బు మిగులుతుందా?

ప్రశ్న: ఉద్యోగం మీద నైరోబీ వచ్చి రెండు నెలలైంది. టాంజానియాలోని దార్ ఎస్ సలామ్‌లో మా అక్కాబావల దగ్గరికి వెళ్లాలి. ఎంత దూరం? ఫ్లైట్‌లో ఎంతసేపు? బస్సయితే చవకంటున్నారు, నిజమేనా అన్నా?

జవాబు: తమ్ముడూ, గాల్లో దూరం సుమారు 670 కిలోమీటర్లు. ఇంచుమించు మన హైదరాబాద్–ముంబై అంత. ఎగిరిన గంటా పావుకో, మహా అయితే గంటన్నరకో దిగిపోతావు. రెండు ఊళ్లదీ ఒకటే టైమ్. రోడ్డు మాత్రం నమంగా, అరుషా, మోషీ మీదుగా చుట్టు తిరిగి 900 కిలోమీటర్ల దాకా అవుతుంది. తెల్లవారుజామున బస్సెక్కితే రాత్రికి చేరతావు, అదీ సరిహద్దు దగ్గర క్యూ లేకపోతే.

నువ్వడిగింది దూరమే గానీ నీ బెంగంతా జేబు గురించేనని తెలుస్తూనే ఉంది. కొత్తలో నేనూ అంతే. ప్రతి షిల్లింగ్‌నీ రూపాయల్లోకి మార్చుకుని ఉసూరుమనేవాణ్ణి. విమానం టికెట్ ధర చూసి బస్సే ఎక్కాను. వెళ్లడం బాగానే వెళ్లాను. తిరుగు టికెట్ మీద చేత్తో 12 అని రాసిచ్చారు, పక్కన స్వాహిలీలో ఏదో ఉంది. మధ్యాహ్నం పన్నెండే కదా అని పొద్దున్న తీరిగ్గా టీ తాగి, చేపల మార్కెట్ చూసి, పదకొండింటికి బస్టాండుకి వెళ్తే కౌంటర్‌లో పెద్దాయన నా వంక జాలిగా చూశాడు. ఇక్కడివాళ్ల గంటల లెక్క సూర్యోదయం నుంచి మొదలు. మన ఉదయం ఏడు వాళ్లకి ఒకటి, మన ఆరు వాళ్లకి పన్నెండు. నా బస్సు ఆరింటికే వెళ్లిపోయింది. డబ్బు వాపసు లేదు. మర్నాడు ఆఫీసు. అప్పటికప్పుడు కొన్న ఆ విమానం టికెట్ డబ్బుతో, ముందే కొనుంటే రానూ పోనూ వచ్చేది! ఆ నెల ఇంటికి తగ్గించి పంపాను. నాన్న ఏమీ అనలేదు, అమ్మే ఆరా తీసింది.

ఇప్పుడు ఈ దారి నాకు కొట్టినపిండి. టికెట్ మూడు నాలుగు వారాల ముందే కొంటాను, శుక్రవారం సాయంత్రం జోలికి పోను. మీ కుర్రాళ్లేమో గురువారం రాత్రి వెతికి, ఖరీదని గోల పెడతారు. ఒక కాగితం తీసుకుని అన్నీ వెయ్యి: విమానానికైతే రెండు వైపులా టాక్సీ, బ్యాగు బరువుకి కట్టేది, బస్సుకైతే దారిలో తిండి, పోయే రెండు రోజుల సెలవు. టాంజానియా వీసాకి 50 డాలర్లు ఎలాగూ తప్పవు. ఇవన్నీ కలిపితే తేడా నువ్వనుకున్నంత ఉండదు.

ఈస్ట్ ఆఫ్రికా టూరిస్ట్ వీసా కెన్యా, ఉగాండా, రువాండాలకే. దాన్ని నమ్ముకుని టాంజానియా బయల్దేరకు. ఎల్లో ఫీవర్ టీకా కార్డు పాస్‌పోర్టులోనే ఉంచు. మిగతా రూల్స్ టాంజానియా ఇమిగ్రేషన్ వాళ్ల వెబ్‌సైట్‌లో ఉంటాయి, చదువుకో. అక్కకి పొడులు, పచ్చళ్లు పట్టుకెళ్తావేమో, ప్లాస్టిక్ క్యారీబ్యాగుల్లో పెట్టకు, 2019 నుంచి అక్కడ నిషేధం. గుడ్డసంచీ వాడు.

వెళ్లేటప్పుడు కుడివైపు కిటికీ దగ్గర కూర్చో, మబ్బు లేకపోతే కిలిమంజారో కనిపిస్తుంది. ఆ సీటుకి అదనంగా అడిగితే మాత్రం కట్టకు. చెకిన్ కౌంటర్‌లో నవ్వుతూ అడుగు, ఖాళీ ఉంటే ఊరికే ఇస్తారు.