కొడుక్కి సైకిల్ కొనాలంటే బావగారిని అడగాలా?

"మాది హనుమకొండ. బావగారి కుటుంబం కింద, మేము పైన. పొయ్యి మాత్రం ఒక్కటే. మామగారు పోయాక మా ఆయన్ని చదివించింది, పెళ్లి చేసింది బావగారే. మా ఆయన జీతం ఆయన చేతికే వెళ్తుంది, ఇంటి ఖర్చంతా ఆయనే చూస్తారు. మా బాబు తొమ్మిదో తరగతి. ఏడాదిలో మూడంగుళాలు పెరిగి ఇప్పుడు ఐదడుగుల మూడంగుళాలు ఉన్నాడు. పొద్దున్నే స్నేహితుల సైకిళ్లు అడుక్కుని వడ్డేపల్లి చెరువు దాకా తొక్కి వస్తున్నాడు. వంకర హ్యాండిల్ రోడ్ బైక్ కావాలంటాడు. నేను జాకెట్లు కుట్టి దాచుకున్న 22 వేలు ఉన్నాయి. మా ఆయనకు చెబితే 'అన్నను అడిగి చెప్తా' అన్నారు. నాలుగు నెలలైంది. బావగారేమో 'మావోనిది మెట్ల కింద ఉన్నది గదా, అది తొక్కమను' అన్నారట. అది మూడేళ్ల కింద 38 వేలు పెట్టి వాళ్ల అబ్బాయికి కొన్నది. అతనికి ఇంటర్‌లో బండి కొనిచ్చాక దాన్ని ముట్టలేదు. మావాడు ఎక్కితే బ్రేకులే అందడం లేదు. గొడవెందుకని, మా తమ్ముడు కొనిచ్చాడని చెప్పి కొత్తది కొందామనుకుంటున్నా. కాస్త పెద్ద సైజు తీసుకుంటే డిగ్రీ దాకా వస్తుందా? ఏ కంపెనీది మంచిది?"

చెల్లీ, డిగ్రీ దాకా వచ్చే సైకిల్ ఏ కంపెనీ చేయదు. కాబట్టి కంపెనీ సంగతి వదిలేయండి. సైజు గురించి చెప్తాను. నాకు తెలిసింది తక్కువే, మా మేనల్లుడు తొక్కుతాడు కాబట్టి అతణ్ణి కూర్చోబెట్టి ఒక సాయంత్రమంతా అడిగాను.

మీరు కుట్టుపని చేస్తారు కాబట్టి మీకు చెప్పడం తేలిక. జాకెట్ కుట్టేటప్పుడు పక్కల్లో కాస్త గుడ్డ లోపలికి వదులుతారు, రేపు ఒళ్లు వస్తే విప్పుకోవచ్చని. కానీ భుజం కొలత తప్పితే? ఏ కుట్టు విప్పినా అది సరికాదు. సైకిల్‌కు ఫ్రేమే భుజం. సీటు గొట్టం, హ్యాండిల్‌ను ఫ్రేమ్‌కు కలిపే స్టెమ్, ఈ రెండూ లోపలికి వదిలిన గుడ్డ. పిల్లవాడు ఎదిగే కొద్దీ సీటు పైకి లాగొచ్చు, గొట్టం మీద ఇంతకు మించి లాగొద్దని ఒక గీత ఉంటుంది, అది కనబడేదాకా లాగకూడదు. స్టెమ్ పొట్టిది తీసేసి పొడుగుది వేయించొచ్చు, పెద్ద ఖర్చేమీ కాదు. అంటే సరిపోయే సైజు కొంటే అది రెండేళ్లు పిల్లవాడితో పాటు సాగుతుంది. పెద్దది కొంటే మాత్రం సీటు ఎంత దించినా హ్యాండిల్ దూరం తగ్గదు. వాడు ముందుకు సాగిలబడి తొక్కుతాడు, మెడ, నడుము పట్టేస్తాయి. అవసరానికి బ్రేకు అందదు. మెట్ల కింద ఉన్న సైకిల్‌తో మీవాడికి వచ్చిన చిక్కు సరిగ్గా ఇదే. పెదనాన్న కొడుకు పొడగరి అయి ఉంటాడు. అది మంచి సైకిలే కావచ్చు, మీవాడి సైకిల్ మాత్రం కాదు. ఆ సంగతి మీకూ తెలుసు. అయినా కొత్తది కూడా పెద్దదే కొందామా అని అడుగుతున్నారు!

కొలత ఇలా తీయండి. పిల్లవాణ్ణి చెప్పులు లేకుండా గోడకు ఆనించి నిలబెట్టండి. అట్ట గట్టిగా ఉన్న పుస్తకం ఒకటి కాళ్ల మధ్య పైదాకా, సైకిల్ సీటు మీద కూర్చున్నంత గట్టిగా నొక్కి పట్టుకోమనండి. పుస్తకం పై అంచు దగ్గర గోడ మీద పెన్సిల్ గీత పెట్టి, నేల నుంచి ఆ గీత దాకా టేపుతో సెంటీమీటర్లలో కొలవండి. దాన్ని 0.67తో హెచ్చవేస్తే ఫ్రేమ్ సైజు సుమారుగా వస్తుంది. 74 వచ్చిందనుకోండి, 50 దగ్గర అన్నమాట. షాపులో ఎక్కించి చూడకుండా కొనకండి. నేల మీద రెండు కాళ్లూ ఆనించి నిలబడితే అడ్డ గొట్టానికి, వాడికి మధ్య రెండు వేళ్ల సందైనా ఉండాలి. సీటు మీద కూర్చుని మడమతో తొక్కితే, పెడల్ కిందికి వెళ్లినప్పుడు కాలు తిన్నగా చాపుకోవాలి. ఈ ఈడులో కాళ్లే ముందు పెరుగుతాయి కాబట్టి మూడు నాలుగు నెలలకోసారి సీటు సరిచూడండి.

22 వేలు మొత్తం సైకిల్ మీదే పెట్టకండి. మూడు నాలుగు వేలు హెల్మెట్, ముందూ వెనకా లైట్లు, తాళం, చేతి పంపు కోసం పక్కన పెట్టుకోండి. మిగిలిన దాంతో కొత్తదంటే వెనక ఏడు గేర్లుండే, కొత్తగా మొదలుపెట్టేవాళ్ల సైకిల్ అడగాలి. చాలు, మీవాడికి అంతకంటే అక్కర్లేదు. ఒకరిద్దరు తొక్కి అమ్మేస్తున్నది దొరికితే ఎనిమిది గేర్లది రావచ్చు. కానీ ఫ్రేమ్ మీద చీలిక, సొట్ట ఉందేమో తెలిసినవాళ్లతో చూపించుకోండి. టైరు 28 మిల్లీమీటర్లకు తక్కువ వద్దు, 32 అయితే ఇంకా మంచిది. మన స్పీడ్ బ్రేకర్ల మీద సన్న టైర్లు నిలవవు. ఇంకో చిన్న సంగతి, రోడ్ బైక్ ట్యూబులకు చాలావాటికి సన్న మూతి వాల్వు ఉంటుంది. వీధి చివర పంక్చర్ షాపులో గాలి గొట్టం దానికి పట్టదు. ఇత్తడిది చిన్న అడాప్టర్ దొరుకుతుంది, ఒకటి వాడి బ్యాగులో పడేయండి. వంకర హ్యాండిల్ ఆ ధరలో దొరక్కపోతే, అవే పెద్ద చక్రాలు, తిన్నని హ్యాండిల్ ఉన్న హైబ్రిడ్ సైకిల్ చూపించండి. మూతి ముడుస్తాడు. వారం తర్వాత మర్చిపోతాడు.

సైకిల్ పని అయిపోయింది. ఇక మీ ఇంటి సంగతి.

38 వేల సైకిల్ మూడేళ్ల కింద వచ్చింది అన్నారు. ఎవరి డబ్బుతో వచ్చిందో రాయలేదు. పొయ్యి ఒకటే, మీ ఆయన జీతం వెళ్లేదీ ఆ చేతికే అయినప్పుడు ఆ 38 వేలలో మీ ఆయన చెమట కూడా ఉంది. ఆ రోజు బావగారు మీ ఆయన్ని అడిగి కొన్నారా? అడిగి ఉండరు. అడగాలని ఆయనకు తోచి కూడా ఉండదు. అదే ఇంట్లో మీ సొంత కష్టంతో, వాళ్ల పైసా ముట్టకుండా, మీ కొడుక్కి సైకిల్ కొనాలంటే మాత్రం అడగాలి! ఆ అడగడానికి నాలుగు నెలలు పట్టింది. మెట్ల కింద సైకిల్ చూపించిన తర్వాత మీ ఆయన ఏమన్నారో ఉత్తరంలో లేదు. ఏమీ అని ఉండరు.

మీ బావగారు చెడ్డవారని నేను అనడం లేదు. తండ్రి పోయిన ఇంట్లో తమ్ముణ్ణి చదివించి, పెళ్లి చేసి నిలబెట్టిన మనిషి. ఆ రుణం తక్కువది కాదు, అన్నదమ్ములు ఒకే పొయ్యి మీద తినడమూ తక్కువ సంగతి కాదు. వేరు పడమని నా నోట రాదు. కానీ ఆ రుణం మీ ఆయనది. తీర్చుకోవలసింది ఆయన. పద్నాలుగేళ్ల పిల్లవాడు పాత సైకిల్ తొక్కి, బ్రేకు అందక పడి తీర్చవలసింది కాదు.

మా బాపు బతికున్నన్నాళ్లు మా పెద్దబాపు ముందు కుర్చీలో కూర్చోలేదు. దాన్ని నేను ఎప్పుడూ తప్పు పట్టలేదు, ఇప్పుడూ పట్టను. కానీ నా పదో తరగతి పరీక్ష ఫీజు కట్టాల్సిన రోజు ఆయన పెద్దబాపు వాళ్ల అరుగు దాకా వెళ్లి, కాసేపు నిలబడి, వానల గురించి మాట్లాడి తిరిగొచ్చాడు. ఫీజు అమ్మ ఎక్కడి నుంచో తెచ్చి కట్టింది. నేను ఆ గోడ పక్కనే ఉన్నానని ఆయనకు తెలియదు. మర్యాద ఏదో, భయం ఏదో నాకు ఆ రోజే విడివిడిగా కనబడ్డాయి. మీవాడికీ కనబడుతూనే ఉంటాయి, తొమ్మిదో తరగతి పిల్లలకు ఇంట్లో సంగతులు మనకంటే బాగా తెలుసు.

మీ తమ్ముడి పేరు చెప్పి కొనడం మాత్రం వద్దే వద్దు. మీకు గొడవ తప్పించే ఉపాయంలా కనబడుతోంది, నాకు మూడు గొడవలు కనబడుతున్నాయి. మేనమామ ఇరవై వేల సైకిల్ పెట్టాడంటే మీ తోటికోడలు ఊరుకుంటుందా? 'మా పుట్టింటివాళ్లు ఏం పెట్టలేదనా' అని ఆమెకు తగులుతుంది. మాట తిరిగి తిరిగి మీ మరదలి చెవిన పడితే మీ తమ్ముడు ఆమెకు జవాబు చెప్పుకోవాలి. ఇక మీ అబ్బాయి. కింద పెద్దబాపు 'ఎవరు కొనిచ్చిండ్రా?' అని అడిగిన ప్రతిసారీ వాడు అబద్ధం ఆడాలి. అన్నిటికీ మించి, రాత్రిళ్లు కళ్లు పొడుచుకుని హుక్కులు కుట్టి దాచిన మీ డబ్బును మీరే వేరొకరి పేరున రాసేస్తున్నారు. మీ ఆయన అన్న ముందు నోరు విప్పరు, మీరు మీ కష్టాన్ని మీదని చెప్పుకోరు. ఇద్దరూ ఇద్దరే.

ఒక పని చేయండి. మీ ఆయనతో పైన మీ గదిలోనే కూర్చుని మాట్లాడండి, ఆదివారం, టీవీ ఆపేసి. 'అన్నను అడగండి' అనే మాట ఇక మీ నోట రానివ్వకండి. 'అన్నకు చెప్పండి' అనండి. రెండిటికీ తేడా ఆయనకు తెలుసు. ఏం చెప్పాలో కూడా నేనే చెప్తాను: "అన్నా, పిల్లగానికి సైకిల్ కొంటున్నం. ఆమె కుట్టుపని పైసలతోని. పాతది వాడికి పెద్దగైతున్నది." అంతే. బతిమాలడం లేదు, లెక్క తీయడం లేదు. 38 వేల మాట ఎత్తవద్దని ఆయనకు గట్టిగా చెప్పండి, మీరూ ఎత్తకండి. ఆ మాట వస్తే సంగతి సైకిల్ దాటి పోతుంది. ఆయన చెప్పేటప్పుడు మీరు పక్కన ఉండకండి, అన్నదమ్ముల మధ్య మాట అది. మీరు వంటింట్లో ఉంటే చాలు, వినబడుతుంది.

బావగారు 'ఇంకో రెండేళ్లయితే బండే కొనిద్దాం గదా, సైకిల్ ఎందుకు' అనే అవకాశం ఉంది. తన కొడుక్కి ఇంటర్‌లోనే కొనిచ్చారు కదా. దానికి మాత్రం మీ ఆయన గట్టిగానే వద్దనాలి. పద్దెనిమిది నిండకుండా గేర్ల బండికి లైసెన్స్ లేదు. 2019లో చట్టం మార్చాక మైనర్ బండి నడిపి నేరం చేస్తే తల్లిదండ్రులకో, బండి ఎవరి పేరున ఉందో వాళ్లకో 25 వేల జరిమానా, మూడేళ్ల దాకా జైలు. పిల్లవాడికి ఇరవై ఐదేళ్లు వచ్చేదాకా లైసెన్స్ ఇవ్వరు. హెల్మెట్, లైట్లు అన్నీ కలిపినా జరిమానా కంటే మీ సైకిల్ మూడు వేలు చవక.

ఇంతా చేసి మీ ఆయన మళ్లీ 'చూద్దాం' అంటే? అప్పుడు మీరే కిందికి దిగి, బావగారికి ఎదురుగా కాకుండా మీ తోటికోడలితో చెప్పండి, మీ పైసలతో మీరు కొంటున్నారని. గొంతు పెంచకుండా, కూరగాయలు తరుగుతూ చెప్పినట్టు చెప్పండి. ఆ రాత్రికి బావగారికి తెలుస్తుంది. మీ ఆయనకు కాస్త చిన్నతనం అవుతుంది. అవనివ్వండి.

పుస్తకం పెట్టి కొలిచేటప్పుడు గోడ మీద గీత మీ ఆయన్నే గీయమనండి, పిల్లవాడు ఒంగితే కొలత తప్పుతుంది, ఇద్దరు మనుషులు కావాలి. వచ్చిన కొలత నాకు రాయండి, మా మేనల్లుణ్ణి అడిగి సైజు ఖాయం చేస్తాను. కింద మాట ఎవరు చెప్పారో కూడా ఆ ఉత్తరంలోనే రాయండి.