ఖర్చు లేని హాబీ ఏదైనా ఉందా అక్కా?

ప్రశ్న: అక్కా, మాది నెల్లూరు, డిగ్రీ రెండో సంవత్సరం. నాన్న ఆటో నడుపుతారు. ఫ్రెండ్స్ గంటకింతని కట్టి టర్ఫ్‌లో క్రికెట్ ఆడతారు, ఒకడు కెమెరా కూడా కొన్నాడు. నా వాటా ఇవ్వలేక ఏదో సాకు చెప్పి ఇంట్లో ఉండిపోతున్నా, ఆదివారమంతా ఫోన్‌తోనే సరిపోతోంది. డబ్బుతో పనిలేని హాబీ చెప్పండి.

జవాబు: తమ్ముడూ, ముందు ఆ సాకులు మానెయ్. ఈ నెల డబ్బుల్లేవురా అని చెప్పెయ్, నిజమైన ఫ్రెండ్స్ ఏమీ అనుకోరు.

ఇక హాబీ అంటావా, పక్షుల్ని చూడు. ఈ ఆదివారం ఆరింటికల్లా స్వర్ణాల చెరువు గట్టు మీదికి వెళ్లి గంటసేపు ఒకేచోట కదలకుండా కూర్చో. నల్లటి నీటికాకి ఏ కొయ్య మీదో రెక్కలు బార్లా చాపుకొని కనిపిస్తుంది, చేప కోసం మునిగినప్పుడు దాని ఈకలు తడిసిపోతాయి కాబట్టి అలా ఎండలో ఆరబెట్టుకుంటుంది. నత్తగుల్ల కొంగ కనబడితే ముక్కు చూడు, మూసుకున్నా మధ్యలో సందు ఉంటుంది. మామూలు నోట్‌బుక్‌లో తేదీ, టైమ్, ఏ పిట్టలు ఎన్ని, ఏం చేస్తున్నాయి అన్నీ రాసుకో. పేరు తెలియకపోతే కాళ్ల రంగు రాసి బొమ్మ గీసెయ్, వంకరగా వచ్చినా ఫర్వాలేదు. మెర్లిన్ యాప్ ఉచితమే, కూత విని పేరు చెబుతుంది, కానీ ఒక్కోసారి తప్పు చెబుతుంది, అందుకే ముందు నీ కళ్లతో చూసి రాశాకే ఫోన్ తియ్యి.

చలికాలంలో ఒక్కసారి నేలపట్టు పక్షుల అభయారణ్యానికి వెళ్లిరా. 2022 నుంచి అది తిరుపతి జిల్లా కిందికి వచ్చినా మనకు దగ్గరే, సూళ్లూరుపేట వైపు రైలెక్కి దొరవారిసత్రంలో దిగొచ్చు. చెరువు నీళ్లలో నిలబడ్డ కడప అనే చెట్ల మీద గూడబాతులు, అంటే పెలికాన్లు, గూళ్లు కట్టి పిల్లల్ని పెంచుతుంటాయి. వాటి రెట్ట కలిసిన నీళ్లు పొలానికి బలమని ఆ ఊరి రైతులు నమ్ముతారు, అందుకే వాటిని ఎవరూ తరమరు, నాకు ఆ ఊరంటే అందుకే ఇష్టం. గూళ్ల దగ్గరికి మాత్రం వెళ్లకు, కేకలు పెట్టకు.

నాలుగు వారాలు గట్టు మీద కూర్చున్నాక ఆ కెమెరా కొన్న ఫ్రెండ్‌ని కూడా రమ్మను. ఏ పిట్ట ఏ వేళకు ఎక్కడ వాలుతుందో అప్పటికి నీకు తెలుస్తుంది, వాడికి నువ్వే చూపించాలి.