ఆరు నెలలు నిలిచిన ట్రెయిలర్ బ్యాటరీని నమ్మవచ్చునా?

ప్రశ్న: మా ట్రావెల్ ట్రెయిలర్‌ను (వాహనం వెనుక తగిలించి లాక్కెళ్లే చక్రాల ఇల్లు) అక్టోబరులో బ్యాటరీ స్విచ్ ఆపి షెడ్డులో పెట్టి, మళ్లీ ఏప్రిల్‌లో బయటికి తీశాం. 12 వోల్టుల మామూలు లెడ్ యాసిడ్ బ్యాటరీ 11.4 వోల్టులకు పడిపోయింది. రాత్రంతా చార్జింగ్ పెడితే చార్జర్‌పై పచ్చ దీపం వచ్చింది, లోపలి లైట్లూ వెలుగుతున్నాయి. స్విచ్ ఆపినా చార్జి ఎందుకు పోయింది? దీనితో ప్రయాణం చేయవచ్చునా?
— ఒక పాఠకుడు, మిషిగన్, అమెరికా

జవాబు: ఇప్పుడే బయలుదేరవద్దని, పరీక్షలకు ఒకటి రెండు రోజులు కేటాయించమని కోరుతున్నాను. ఎల్ఈడీ లైట్లు లాగే కరెంటు చాలా స్వల్పం కాబట్టి నీరసించిన బ్యాటరీతోనూ అవి వెలుగుతాయి. పచ్చ దీపం కూడా సామర్థ్యానికి రుజువు కాదు. దారిలో ట్రెయిలర్ మీ వాహనం నుంచి ఊడిపోతే, ఆ క్షణంలో దాని ఎలక్ట్రిక్ బ్రేకులు పట్టేది ఈ బ్యాటరీ బలంతోనే. అందుకే ఈ విషయంలో ఊహకు తావివ్వకూడదు.

ముందుగా బ్యాటరీ డబ్బాను చూడండి. నిండుగా చార్జి ఉన్న బ్యాటరీలోని ద్రావకం సున్నాకు 50 డిగ్రీల సెల్సియస్ దిగువన కూడా గడ్డకట్టదు గాని, చార్జి పోయినది సున్నాకు పది డిగ్రీల దిగువనే గడ్డకట్టగలదు. మిషిగన్ చలికి అది అసాధ్యమేమీ కాదు. డబ్బా ఉబ్బినా, పగిలినా మళ్లీ చార్జింగ్ పెట్టకుండా మార్చివేయాలి.

డబ్బా బాగుంటే, రక్షణ కళ్లద్దాలు, చేతి తొడుగులు ధరించి మూతలు తీసి ప్లేట్లు మునిగి ఉన్నాయో లేదో చూడండి. ఇంట్లో ఇన్వర్టర్ బ్యాటరీ చూసుకున్నవారికి ఈ పని కొత్త కాదు. ప్లేట్లు ద్రావకం పైకి కనబడుతుంటే అవి మునిగేంత వరకే డిస్టిల్డ్ వాటర్ పోసి, చార్జింగ్ పూర్తయ్యాక మిగిలినది నింపాలి. ముందే నింపితే చార్జింగ్‌లో ద్రావకం ఉబికి యాసిడ్ పొర్లుతుంది. చార్జింగ్‌లో హైడ్రోజన్ వాయువు వెలువడుతుంది, పైగా చాలా ట్రెయిలర్లలో ప్రొపేన్ సిలిండర్లు పక్కనే ఉంటాయి కనుక గాలి ఆడేలా చూడండి, నిప్పురవ్వ దరిచేరనీయకండి.

అసలు పరీక్ష ఆ తర్వాతిది. చార్జర్ తీసి, నెగటివ్ కేబుల్ విప్పి, బ్యాటరీని ఒక రాత్రంతా కదపకుండా ఉంచి, తెల్లవారాక మల్టీమీటర్‌తో కొలవండి. చార్జింగ్ ముగియగానే కనిపించే ఎక్కువ వోల్టేజీ పైపైదే, కొన్ని గంటల్లో దిగిపోతుంది. విశ్రాంతి తర్వాత 12.6 లేదా ఆ పైన ఉంటే నిండినట్లు, 12.2 దగ్గర ఉంటే సగమే ఉన్నట్లు. అయితే బ్యాటరీలోని ఆరు సెల్‌లలో (అరలలో) ఒక్కటి దెబ్బతిన్నా మొత్తం అంకె దానిని కొంతవరకు దాచగలదు కాబట్టి ద్రావకం సాంద్రతను కొలిచే హైడ్రోమీటర్‌తో ఒక్కొక్క సెల్‌నూ విడిగా చూడవలసిందే. సాంద్రత అన్నింటిలోనూ 1.265 ప్రాంతంలో ఉండాలి. ఒక సెల్‌కూ మరొక సెల్‌కూ 0.050 మించి తేడా ఉంటే, ఆ బ్యాటరీపై నేనైతే ఆశ పెట్టుకోను. చివరిగా ట్రెయిలర్‌ను వెచ్చబరిచే ఫర్నేస్ ఫ్యాన్‌ను గంటసేపు నడపండి. ఆలోగా వోల్టేజీ వేగంగా జారిపోతే సామర్థ్యం పోయిందని అర్థం: నెలల తరబడి చార్జి లేక ప్లేట్లపై లెడ్ సల్ఫేట్ గట్టిపడితే మామూలు చార్జింగ్‌తో అది కరగదు.

ఇక స్విచ్ సంగతి. గ్యాస్ లీకును పసిగట్టే పరికరాన్ని చాలా ట్రెయిలర్లలో స్విచ్‌తో సంబంధం లేకుండా నేరుగా బ్యాటరీకి కలుపుతారు. అది 0.1 ఆంపియర్ తీసుకున్నా రోజుకు 2.4 ఆంపియర్ గంటలు పోతాయి. 80 ఆంపియర్ గంటల బ్యాటరీ నెలకు కొంచెం పైగా రోజుల్లో ఖాళీ అవుతుంది. వచ్చే అక్టోబరులో పూర్తిగా చార్జి చేసి, నెగటివ్ కేబుల్‌నే విప్పి ఉంచండి. నెలకొకసారి కొలిచి, 12.4కు దిగగానే మళ్లీ చార్జి చేయండి.