మావారు నీళ్లలో వేసే మాత్రను రోజూ తాగుతున్నారు.. ప్రమాదమా?

ప్రశ్న: మాది ఖమ్మంలో మున్నేరుకు దగ్గర్లో ఉన్న కాలనీ. 2024 వరద తర్వాత వానాకాలం వచ్చిందంటే తాగే నీళ్ల గురించి భయంగా ఉంటోంది. బోరు నీళ్లు వాసన వస్తున్నాయి. అమెరికాలో ఉన్న మా అబ్బాయి అక్కడ ట్రెక్కింగ్‌కి వెళ్లేవాళ్లు వాడే క్లోరిన్ డయాక్సైడ్ మాత్రలు పంపించాడు. లీటరుకు ఒకటి అని ప్యాకెట్ మీద ఉంది. 20 లీటర్ల క్యానుకు ఎన్ని వేయాలి? మందు వాసన పోవడానికి నిమ్మకాయ పిండొచ్చా? ఏడు నెలల మనవడికి పాలపొడి ఈ నీళ్లతో కలపొచ్చా? మావారు (61 ఏళ్లు, షుగర్, బీపీ ఉన్నాయి) ఏదో వీడియో చూసి, కడుపు శుభ్రమవుతుందని రోజూ పొద్దున్నే అర గ్లాసు నీళ్లలో ఒక మాత్ర కరిగించుకుని తాగుతున్నారు. రెండు రోజులుగా విరేచనాలు. మలినం పోతోందిలే అంటున్నారు.
- ఓ పాఠకురాలు, ఖమ్మం

జవాబు: అమ్మా, క్యాను సంగతి తర్వాత. ముందు మీవారి చేత ఆ మాత్ర మాన్పించండి. రేపటి నుంచి కాదు, ఇవాళే. మూడు ప్రశ్నలు రాసి, అసలు విషయం చివర్లో పెట్టారు మీరు.

లీటరు నీళ్లకు సరిపోయే మందును ఆయన అర గ్లాసులో తాగుతున్నారు. అర గ్లాసంటే దాదాపు 100 మిల్లీలీటర్లు. అంటే ప్యాకెట్ మీద చెప్పిన దానికి పది రెట్ల గాఢత. అది క్రిములను చంపే రసాయనం. పేగు లోపలి పొరకూ, క్రిమికీ తేడా దానికి తెలియదు. పొర రేగితే విరేచనాలు అవుతాయి. మలినం పోవడం కాదది, పేగు దెబ్బతింటోందని అర్థం. (కలుషిత నీటి వల్ల వచ్చిన విరేచనాలు కూడా కావచ్చు. మనిషిని చూడకుండా ఇదే కారణమని నేను చెప్పలేను. రెండూ కలిసి కూడా ఉండొచ్చు.)

ఈ వీడియోలు కొత్తవేం కాదు. సోడియం క్లోరైట్‌లో నిమ్మ ఉప్పు లాంటి ఆమ్లం కలిపితే వచ్చేది ఈ క్లోరిన్ డయాక్సైడే. దానికి 'మిరాకిల్ మినరల్ సొల్యూషన్' అని పేరుపెట్టి, ఆటిజం నుంచి క్యాన్సర్ దాకా అన్నిటికీ మందని ఏళ్ల తరబడి అమ్మారు. తాగొద్దని అమెరికా మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ 2010లోనే హెచ్చరించింది, 2019లో మళ్లీ చెప్పింది. కోవిడ్ వచ్చాక అదే సీసాను కరోనా మందన్నారు. ఫ్లోరిడాలో ఈ వ్యాపారం చేసిన తండ్రికి, ముగ్గురు కొడుకులకు 2023లో జైలు శిక్షలు పడ్డాయి. అక్కడ కోర్టుకెక్కిన సరుకు ఇక్కడ ఫార్వర్డ్ మెసేజ్‌గా తిరుగుతోంది.

మీవారికి షుగర్, బీపీ ఉన్నాయన్నారు. ఏ మాత్రలు వాడుతున్నారో రాయలేదు. మెట్‌ఫార్మిన్, డాపాగ్లిఫ్లోజిన్, టెల్మిసార్టన్, మూత్రం ఎక్కువ వచ్చేలా చేసే బీపీ మాత్రలు.. వీటిలో ఏదైనా వాడుతూ ఒంట్లో నీరు తగ్గితే కిడ్నీల మీద భారం పడుతుంది. అలాగని ఏదీ మీ అంతట మీరు ఆపకండి. ఏమీ జరగనట్టు వేసుకుంటూ కూడా పోకండి. అవి రాసిన డాక్టర్‌కి ఇవాళే ఫోన్ చేసి, రెండు రోజులుగా విరేచనాలు అవుతున్నాయని చెప్పి, ఏది కొనసాగించాలో, ఏది ఆపాలో అడగండి. మందుల షాపుకెళ్లి విరేచనాలు కట్టే మాత్ర మాత్రం తేవద్దు. మన దగ్గర ఇదో జబ్బు. ఒక మాత్ర చేసిన పాడుని ఇంకో మాత్రతో కప్పెడతాం, మూడో రోజుకి గానీ ఆస్పత్రి గుర్తురాదు.

ఓఆర్ఎస్ ఇవ్వండి. షుగర్ ఉంది కదా, అందులో గ్లూకోజు ఉంటుంది కదా అని చాలామంది మానేస్తారు. విరేచనాలప్పుడు ఆ కొంచెం గ్లూకోజు కావాలి, ఉప్పును లోపలికి తీసుకెళ్లేది అదే. షుగర్ రీడింగ్ చూసుకుంటూ ఇవ్వండి. గుండె బలహీనత గానీ, కిడ్నీ జబ్బు గానీ ఇదివరకే ఉంటే ఎంత తాగాలో డాక్టరే చెప్పాలి. కొనేది డబ్ల్యూహెచ్‌ఓ ఫార్ములా అని రాసున్న ప్యాకెట్ అయి ఉండాలి. ఓఆర్ఎస్ పేరు తగిలించుకున్న తీపి డ్రింకులు కాదు. ఆ పేరు వాడొద్దని 2025 అక్టోబరులో మన ఆహార భద్రతా సంస్థ ఎఫ్ఎస్ఎస్ఏఐ కంపెనీలకు చెప్పింది కూడా.

పెదవులు, గోళ్లు నీలంగా మారినా, ఆయాసం వచ్చినా, మూత్రం కోలా రంగులో వచ్చినా, బాగా తగ్గినా, కళ్లు పచ్చబడినా, లేవగానే కళ్లు తిరిగినా ఫోన్లూ సలహాలూ వద్దు, నేరుగా క్యాజువాలిటీకి తీసుకెళ్లండి. ఈ రసాయనం రక్తంలోని హిమోగ్లోబిన్‌ను ఆక్సిజన్ మోయలేని రూపంలోకి మార్చగలదు. జీ6పీడీ లోపం (ఎర్ర రక్తకణాలను కాపాడే ఒక ఎంజైమ్ తక్కువగా ఉండటం) ఉన్నవాళ్లలో ఎర్ర రక్తకణాలు పగిలిపోతాయి. ఆ లోపం ఉందని చాలామందికి అప్పటిదాకా తెలియదు. కోవిడ్ రోజుల్లో కొన్న ఆక్సీమీటర్ మీ ఇంట్లో ఉండే ఉంటుంది. అందులో నంబర్ బాగుందని ఊరుకోవద్దు, హిమోగ్లోబిన్ ఇలా మారినప్పుడు దాని లెక్క నమ్మలేం. వెళ్లేటప్పుడు మాత్రల ప్యాకెట్ తీసుకెళ్లండి. ఏం తాగారో దాచకుండా చెప్పమనండి. సిగ్గుపడి 'బయట తిన్నదేదో పడలేదు' అంటారు, మేం అటే వెతుకుతూ కూర్చుంటాం. ఇబ్బంది లేకపోయినా సరే, రక్తపరీక్ష, కిడ్నీల పనితీరు చెప్పే క్రియాటినిన్, పొటాషియం, వీలైతే ఒక ఈసీజీ తీయించడం మంచిదని నా అభిప్రాయం. తుది నిర్ణయం చూసే డాక్టర్‌ది.

ఇక నీళ్లు. ఇంట్లో గ్యాస్ పొయ్యి ఉండగా ఈ మాత్రలతో మీకు పని లేదు. నీళ్లు తెర్లుతూ ఒక నిమిషం మరిగితే కలరా, టైఫాయిడ్, కామెర్లు తెచ్చే క్రిములన్నీ పోతాయి. ఇవి పొయ్యి లేని చోటికి, అంటే కొండలెక్కేవాళ్లకు, యాత్రలకు, వరదలో చిక్కుకున్నవాళ్లకు. లేబుల్ లెక్కన 20 లీటర్లకు 20 మాత్రలు కావాలి. రోజూ అన్నేసి వేసి ఇంటిల్లిపాదీ తాగడానికి చేసినవి కావవి. ఆశా కార్యకర్త పంచే క్లోరిన్ మాత్ర వేరే మందు, దాని కొలత వేరు. దాని లెక్క దీనికి, దీని లెక్క దానికి పెట్టకండి.

ఎప్పుడైనా కరెంటు, గ్యాస్ రెండూ లేక తప్పనిసరై వాడితే, బురద నీళ్లను ముందు తేర్చి గుడ్డలో వడగట్టండి. మట్టి ఉంటే మందు సగం దానికే ఖర్చయిపోతుంది. మాత్రను విరగ్గొట్టకుండా, రేకు చింపిన వెంటనే వేసి, మూత పెట్టి, ఎండ తగలకుండా ఉంచాలి. బాటిల్ అయితే కాసేపటికి మూత కాస్త వదులు చేసి తలకిందులు పట్టి, మూత మరలు కూడా ఆ నీళ్లతో తడపాలి. నోరు పెట్టేది అక్కడే కదా, ఎవరూ అది చూసుకోరు. మామూలు బ్యాక్టీరియా, వైరస్‌లకు అరగంట చాలు. క్రిప్టోస్పోరిడియం అనే మొండి పరాన్నజీవికి నాలుగు గంటలు పడుతుంది. మీ ప్యాకెట్ నేను చూడలేదు కాబట్టి దాని మీద ఉన్న సమయమే పాటించండి. బోరు నీళ్లలో ఫ్లోరైడ్, నైట్రేట్, పురుగుమందు లాంటివి ఉంటే ఈ మాత్ర ఏమీ చేయదు. వాసన వస్తోందంటున్నారు కాబట్టి ఒక్కసారి నీళ్లు టెస్ట్ చేయించండి. ఈలోగా తాగడానికి, వంటకు మిషన్ భగీరథ నల్లా నీళ్లు వస్తుంటే అవి పట్టుకుని కాచుకోండి.

బాబుకి ఈ నీళ్లు వద్దు. ఈ మందు నుంచి నీళ్లలో మిగిలే క్లోరైట్ అనే పదార్థం పసిపిల్లల రక్తానికి మంచిది కాదు. కాచిన నీళ్లు వేడి పూర్తిగా తగ్గకముందే పాలపొడి కలిపి, చల్లార్చి పట్టండి. ఉగ్గుకూ అవే నీళ్లు. వాడికి కూడా విరేచనాలు మొదలైతే ఇంట్లో చూద్దాంలే అనుకోకండి.

రేకుల్లో ఉండే ఈ మాత్రలు చూడ్డానికి బీపీ మాత్రల్లాగే ఉంటాయి. రాత్రి కళ్లజోడు లేకుండా మందుల డబ్బాలో తడుముకునే ఇళ్లు నాకు తెలుసు. ఆ డబ్బాలో పెట్టకండి. బాత్రూమ్ యాసిడ్ పక్కన కూడా పెట్టొద్దు, రెండూ కలిస్తే విషవాయువు వస్తుంది. ఎవరైనా మాత్ర నేరుగా మింగితే వాంతి చేయించవద్దు. నోరు పుక్కిలింపించి, కొంచెం నీళ్లు తాగించి ఆస్పత్రికి తీసుకెళ్లాలి.

నిమ్మకాయ అడిగారు. మాత్ర పని చేస్తుండగా పిండితే అందులోని విటమిన్ సి మందును తినేస్తుంది, క్రిములు మిగిలిపోతాయి. సమయం పూర్తయ్యాక పిండుకోవచ్చు. వాసనకైతే నిమ్మకాయ కూడా అక్కర్లేదు, శుభ్రమైన రెండు గిన్నెల్లో అటూ ఇటూ నాలుగుసార్లు పోస్తే చాలావరకు పోతుంది.