ఫంక్ వైపు అడుగు వేస్తున్న జాజ్ కళాకారుడికి

చిరంజీవికి ఆశీస్సులు.

నీ ఉత్తరం అందింది. ఇన్నేళ్లు జాజ్ పియానో సాధన చేసి ఇప్పుడు ఆటకు అనువుగా లయే ప్రధానమైన ఫంక్, డిస్కో వాయించే బృందంలో చేరితే నేర్చిన విద్య పలచబడుతుందేమోనని రాశావు. చేరమనే నా సలహా. అయితే ఎలా చేరాలన్నది పెద్ద విషయం. అందుకు అమెరికన్ జాజ్ పియానో కళాకారుడు హెర్బీ హాన్‌కాక్ నడిచిన దారిని మించిన పాఠం నాకు కనబడలేదు.

ఆయన 11 ఏళ్ల వయసులో షికాగో సింఫనీ ఆర్కెస్ట్రాతో మొజార్ట్ కన్‌చెర్టో వాయించి, 1963లో జాజ్ ట్రంపెట్ దిగ్గజం మైల్స్ డేవిస్ బృందంలో చేరినవాడు. 1970ల ఆరంభంలో ఆయన నడిపిన ఆరుగురి బృందం ఎంతో గాఢమైన సంగీతాన్ని వినిపించింది కానీ, దాన్ని నిలబెట్టే ఖర్చు భరించలేక 1973లో ఆపవలసి వచ్చింది. అదే ఏడాది ఆయన ఫంక్ ఆల్బమ్ ‘హెడ్ హంటర్స్’ వెలువడింది. ఆ పాత బృందంలోంచి ఊదే వాద్యాల బెన్నీ మాపిన్ ఒక్కడినే ఉంచుకుని, బాస్ గిటార్‌కు పాల్ జాక్సన్‌ను, డ్రమ్స్‌కు హార్వీ మేసన్‌ను, ఇతర తాళవాద్యాలకు బిల్ సమ్మర్స్‌ను తెచ్చుకున్నాడు. తన జాజ్ మిత్రులతోనే ఫంక్ వాయింపజేయకుండా, ఆ నడక ఒంట్లో ఉన్నవాళ్ల మధ్యకు తాను వెళ్లి కూర్చున్నాడు. నువ్వు కూడా ముందు నీ బృందంలోని బాస్, డ్రమ్స్ వాయించేవాళ్లను గురువులుగా భావించు. వాళ్లకు స్వరలిపి చదవడం రాకపోయినా సరే.

ఈ మాట నాకు తెలిసివచ్చిన తీరు చెబుతాను. యౌవనంలో ఒక హోటల్ డాన్స్ ఫ్లోర్ మీద వాయిస్తూ, ఒకే కార్డ్ (కలిపి మోగించే స్వరాల గుచ్ఛం) మీద సాగవలసిన పాటలో నాకు తెలిసిన ప్రత్యామ్నాయ కార్డులన్నీ జొప్పించాను. అరగంటలో ఆడేవాళ్లందరూ వెళ్లి కూర్చున్నారు. ఆ రాత్రి బాస్ వాయించిన పెద్దాయన నన్ను పక్కకు పిలిచి, రేపు సగం స్వరాలు మానేసి రమ్మన్నాడు. బాధ కలిగింది కానీ ఆయన చెప్పినదే నిజం.

మన మృదంగ విద్వాంసులను అడిగి చూడు. మోరాలు, కోర్వైలు వంటి ముక్తాయింపు లెక్కలు కఠినమే అయినా, పాట వెనక సర్వలఘువును, అంటే సాదా నడకను, కాలప్రమాణం చెదరకుండా, కునుకుపాటు లేకుండా నడిపించడం అంతకన్నా కఠినమని చెబుతారు. ఫంక్‌లో కీబోర్డ్ పని అదే. ‘హెడ్ హంటర్స్’లోని ‘కమీలియన్’ 15 నిమిషాలకు పైగా సాగుతుంది. అందులో చాలా భాగం బి ఫ్లాట్ మైనర్, ఇ ఫ్లాట్ అనే రెండు కార్డుల మధ్యే తిరుగుతుంది. దాని బాస్ వరుస మొదటి దెబ్బ మీద మొదలవదు. మన అతీత ఎత్తుగడలా మూడు స్వరాలు ముందే బయలుదేరి దెబ్బ మీదకు వచ్చి వాలుతుంది. ఆ వాలడంలోనే ప్రాణమంతా ఉంది. ఆ రికార్డులో గిటార్ వాద్యకారుడే లేడు. గిటార్ తెంపు తెంపుగా వాయించవలసిన పనిని హాన్‌కాక్ క్లావినెట్ అనే, తీగలు మోగే విద్యుత్ కీబోర్డ్ మీద చేశాడు. రోజూ ఆ రెండు కార్డులతో, మెట్రోనోమ్ పెట్టుకుని, సోలో జోలికి పోకుండా 20 నిమిషాలు వాయించు. ప్రతి దెబ్బనూ నాలుగు అక్షరాలుగా మనసులో లెక్కిస్తూ, ఎక్కడ చేయి ఎత్తేస్తున్నావో గమనించు; స్వరం ఎప్పుడు ఆగుతుందన్నది ఎప్పుడు మొదలవుతుందన్నంత ముఖ్యం.

పాత సొంత పాటలను పారేయకు. షికాగో వీధుల్లో పుచ్చకాయల బండి చక్రాల చప్పుడు తలచుకుని ఆయన 1962లో చేసిన ‘వాటర్‌మెలన్ మ్యాన్’ అదే ‘హెడ్ హంటర్స్’లో కొత్త రూపంలో వచ్చింది. మధ్య ఆఫ్రికా అడవి జనుల ఊదుడు సంగీతాన్ని అనుకరిస్తూ బిల్ సమ్మర్స్ బీరు సీసాలోకి ఊదడంతో అది మొదలవుతుంది. పాట ఆయనదే, నడక మాత్రం వేరు. నీ పాటల్లోనూ ఒకటి తీసుకుని ఇలా నడక మార్చి చూడు.

డిస్కో విషయంలో మాత్రం జాగ్రత్తగా ఉండమంటాను. అక్కడ బాస్ డ్రమ్ ప్రతి దెబ్బ మీదా పడుతుంది, వేగం నిమిషానికి సుమారు 120 దెబ్బలు, పాట గాయకుడిది. హాన్‌కాక్ 1978లో ‘సన్‌లైట్’ ఆల్బమ్‌లో తన గొంతును యంత్రపు ధ్వని ఇచ్చే వోకోడర్ ద్వారా పంపి పాడాడు, 1979 నాటి ‘ఫీట్స్ డోంట్ ఫెయిల్ మీ నౌ’లో పూర్తిగా డిస్కోలోకి దిగాడు. ఆ రెండింటిలో మొదటిదే నాకు ఇష్టం. రెండోదానిలో ఆయన చేతులకు చోటు తక్కువ మిగిలింది. అయినా ఆ సంవత్సరాల్లోనే ఫ్రెడ్డీ హబర్డ్, వేన్ షార్టర్, రాన్ కార్టర్, టోనీ విలియమ్స్‌లతో పాత జాజ్ పద్ధతిలో ఐదుగురి బృందంగా (క్వింటెట్) పర్యటించాడు, మరో జాజ్ పియానో కళాకారుడు చిక్ కొరియాతో కలిసి రెండు పియానోల కచేరీలు చేశాడు. కాబట్టి వారంలో రెండు ఉదయాలైనా మామూలు పియానో ముందు కూర్చుని స్టాండర్డ్స్, అంటే జాజ్‌వాళ్లందరూ వాయించే పాత పాటలు, వాయించు. ఆ రోజుల్లో కీబోర్డ్ తెరవకు.

నెల తరువాత బృందం సాధనను ఫోన్‌లో రికార్డు చేసి పంపు. నీ సోలోలు అక్కర్లేదు. గాయకుడు పాడుతున్నప్పుడు వెనక నువ్వు ఏం చేస్తున్నావో వినాలి.