చంపుతాయా, చంపిస్తాయా?

సందేహం: ల్యాబ్‌లో పెంచిన మనిషి కణాలకు యాంటీబాడీలు, కాంప్లిమెంట్ కలిపితే అవి చనిపోతాయి. మా పాఠంలో "యాంటీబాడీల ద్వారా కణాలు చంపబడతాయి" అని ఉంది. "యాంటీబాడీలు కణాలను చంపుతాయి" అంటే తప్పా?
– ఒక బయోటెక్నాలజీ విద్యార్థిని

సమాధానం: తప్పని కొట్టిపారేయను. కానీ అంతకంటే మంచి మాట మన దగ్గరే ఉందమ్మా.

తెగు–తెంపు, దిగు–దింపు, నిండు–నింపు వరసలోదే చచ్చు–చంపు. దానికి 'ఇంచు' చేరితే చంపించు. ఈ మూడూ మీ డిష్‌లోనే ఉన్నాయి. చచ్చేది కణం. చంపేది కాంప్లిమెంట్, అంటే సీరంలో (రక్తం గడ్డకట్టాక మిగిలే ద్రవంలో) ఉండే ప్రోటీన్ల దండు. చంపించేది యాంటీబాడీ. అది కణం మీద వాలి గుర్తు పెడుతుంది, అంతే. ఆ గుర్తును దండులోని సీ1 ప్రోటీన్ పట్టుకుంటుంది, మిగతావి ఒకదాన్నొకటి లేపుకుంటూ చివరికి సీ9 ప్రోటీన్లు కణం పొరలో ఉంగరంలా చేరి కన్నం వేస్తాయి. నీరు లోపలికి తోసుకొచ్చి కణం ఉబ్బి పగులుతుంది.

నమ్మకపోతే సీరాన్ని 56 డిగ్రీల సెల్సియస్ దగ్గర అరగంట ఉంచి చూడండి. కాంప్లిమెంట్ చెడుతుంది, యాంటీబాడీ చెక్కుచెదరదు. ఆ సీరం పోస్తే యాంటీబాడీలు కణాన్ని అంటిపెట్టుకునే ఉంటాయి, కణమూ బతికే ఉంటుంది. అప్పుడు కుందేలు తాజా సీరం కలపండి. కాసేపటికి ట్రిపాన్ బ్లూ అనే రంగు వేస్తే చచ్చిన కణాలు నీలంగా కనిపిస్తాయి. కుందేలుదే ఎందుకంటే, మన కాంప్లిమెంట్‌ను అడ్డుకోవడానికి మన కణాల మీద సీడీ59 లాంటి ప్రోటీన్ల కాపలా ఉంటుంది. కుందేలు సీరం ముందు అది అంతగా నిలవదు. కిడ్నీ మార్పిడికి ముందు దాత కణాల మీద వాలే యాంటీబాడీలు రోగి సీరంలో ఉన్నాయేమో చూసే క్రాస్‌మ్యాచ్ పరీక్షలోనూ ఇదే పద్ధతి. 1964లో టెరసాకి, మెక్‌క్లెలాండ్ అనే పరిశోధకులు దీన్ని చుక్క సీరంతో అయ్యేలా చేశారు.

ఇక ఆ 'ద్వారా'! సంస్కృతంలో 'ద్వార్' అంటే వాకిలి. తృతీయా విభక్తిలో 'ద్వారా', వాకిలి గుండా అని. ఉత్తరం పోస్టు ద్వారా వస్తే నాకేం అభ్యంతరం లేదు. "మంత్రిగారి ద్వారా ప్రారంభించబడింది" అంటేనే ఒళ్లు మండుతుంది. 'చేత' ఏం పాపం చేసింది? "యాంటీబాడీలు కాంప్లిమెంట్ చేత కణాలను చంపిస్తాయి" అనండి, 'బడు' గోల కూడా వదులుతుంది. 'ద్వారా' మీద అంత మోజుంటే సీ9 వేసిన కన్నం ద్వారా నీరు వచ్చిందని రాసుకోండి, అక్కడ వాకిలి నిజంగానే ఉంది.

కాంప్లిమెంట్‌ను 'పూరకం' అనవచ్చు; 'ప్రశంస' అని రాసేవాళ్ల సంగతి మరోసారి.

అయితే కొన్ని యాంటీబాడీలు ఎవరి సాయమూ లేకుండా తామే కణాన్ని చావుకు నెడతాయి. అక్కడ 'చంపుతాయి' అన్నదే సరి. పరీక్షలో మాత్రం మీ మాస్టారు దేనికి మార్కులేస్తారో కనుక్కుని రాయండి.