రిపేరు తరవాత, ముందు కాపీ: మేనల్లుడికి ఉత్తరం

ఒంగోలు

చిరంజీవి మేనల్లుడికి మామ ఆశీస్సులు.

నువ్వు పంపిన ఫోటో చూశాను. డీ డ్రైవు మీద నొక్కితే ఫార్మాట్ చేయమని అడుగుతోంది, ఒక్కోసారి మామూలుగానే తెరుచుకుంటోంది, ఒక్కోసారి కంప్యూటరే బిగుసుకుపోతోంది అన్నావు. ఆ ఫార్మాట్ బటన్ జోలికి పోబాక. పక్కింటబ్బాయి చెప్పాడని చెక్ డిస్క్ (డిస్కులో తప్పులు వెతికి సరిచేసే విండోస్ కమాండు) కూడా ఇప్పుడే నడపబాక. రొయ్యల గుంటల లెక్కలు, పాప చిన్నప్పటి ఫోటోలు అందులోనే ఉన్నాయంటివి, ఇంకో కాపీ లేదంటివి. ఫోన్లో చెబితే సగం గుర్తుండదు, అందుకే రాస్తున్నా.

ఈ షాపులో ఇన్నేళ్లుగా నేను చూసింది ఏందంటే, డిస్కు దానంతటది చెడిపోయి పోయిన డేటా కంటే, చెడిపోతున్న డిస్కును బాగుచేయబోయి జనం పోగొట్టుకున్నదే ఎక్కువ. చీమకుర్తి నుంచి ఒకాయన వచ్చాడు, క్వారీ లెక్కలన్నీ ఒకే డిస్కులో పెట్టుకున్న మనిషి. ఎవరో చెప్పారని రాత్రి చెక్ డిస్క్ పెట్టి పడుకున్నాడు. తెల్లారేసరికి డిస్కు టక్ టక్ అని కొట్టుకుంటా ఉంది. ముందు రోజు తెచ్చి ఉంటే సగానికి పైగా తీసిచ్చేవాణ్ణి.

చెక్ డిస్క్ చెడ్డదని కాదురా. ఏ ఫైలు ఎక్కడుందో డిస్కు మీద ఒక పట్టిక ఉంటుంది. కరెంటు ఉన్నట్టుండి పోతే ఆ పట్టిక తప్పులతడకవుతుంది. చెక్ డిస్క్ కమాండు చివర స్లాష్ ఎఫ్ (/f) అని పెడితే దాన్ని సరిచేస్తుంది. స్లాష్ ఆర్ (/r) పెడితే ఆ పనితోబాటు డిస్కు మీది ప్రతి సెక్టారునూ, అంటే డేటా రాసుకునే ప్రతి చిన్న గడినీ, చదివి చూస్తుంది. 1 టీబీ డిస్కులో 512 బైట్ల సెక్టార్లు 195 కోట్ల పైచిలుకు. చెడ్డ సెక్టారు కాడ ఆగి మళ్లీ మళ్లీ ప్రయత్నిస్తుంది కూడా. ఆయాసపడే మనిషిని కొండెక్కించినట్టే అది. పైగా ఏ ఫైలుకీ చెందని ముక్కలు దొరికితే ఫౌండ్ డాట్ 000 అనే ఫోల్డర్లో పడేస్తుంది, పేర్లు కూడా మిగలవు. దాని దృష్టంతా పట్టిక సరిగ్గా ఉండటం మీదే, నీ ఫోటోల మీద కాదు.

కాబట్టి మొదట చెవి పెట్టి విను. టక్ టక్ మని లయగా కొట్టుకున్నా, గీస్తున్న చప్పుడు వచ్చినా వెంటనే ఆపెయ్. లోపల డేటా చదివే హెడ్డు, గిర్రున తిరిగే పళ్లేనికి కొన్ని నానోమీటర్ల ఎత్తున తేలుతూ ఉంటుంది, అది తగిలిందంటే తిరిగే ప్రతి క్షణం డేటాను గోకేస్తుంది. డిస్కు మూత విప్పబాక, ఫ్రిజ్‌లో పెట్టమనేవాళ్ల మాట వినబాక. లోపల చెమ్మ పడుతుంది, అంతే. అట్టాంటిది చెన్నైలోనో హైదరాబాద్‌లోనో దుమ్ములేని గది ఉన్న రికవరీ వాళ్లకే ఇవ్వాలి.

చప్పుడు లేకపోతే కేబుల్ చూడు. మీ ఇల్లు సముద్రానికి దగ్గర, ఆ ఉప్పుగాలికి కనెక్టర్లు చిలుమెక్కుతాయి. ప్లగ్గు పీకేసి, పక్క మూత తీసి, క్యాబినెట్ ఇనుమును ఒకసారి చేత్తో ముట్టుకో, ఒంట్లో స్టాటిక్ పోతుంది. డిస్కు వెనక రెండు ఉంటాయి: సన్నది డేటాది, వెడల్పుది కరెంటుది. డేటా కేబుల్ చివర ఇనుప క్లిప్పుంటే నొక్కిపట్టి నేరుగా లాగు. పక్కకి ఊపావంటే డిస్కు వైపున్న ప్లాస్టిక్ నాలుక విరుగుతుంది. కొత్త సాటా కేబుల్ పెట్టు, మదర్‌బోర్డు మీద ఇంకో పోర్టుకి మార్చు. చాలా డిస్కులు ఇక్కడే బాగుపడతాయి.

ఆ తరవాత క్రిస్టల్ డిస్క్ ఇన్ఫో తెరువు, డిస్కు ఆరోగ్యం చూపించే ప్రోగ్రాం అది. డీ డ్రైవు వేరే డిస్కు కాబట్టి నీకు విండోస్ వస్తోంది, ఇబ్బంది లేదు. పైన ‘గుడ్’ అని ఉందా ‘కాషన్’ అని ఉందా అని చూసి వదిలేయబాక, కింది వరసలు చదువు, ఒక్కో వరసకీ ఒక గుర్తు, దాని ఎదురుగా ఒక అంకె ఉంటాయి. 05 అంటే చెడిపోయి, వాటి బదులు వేరే సెక్టార్లు కేటాయించినవి. సి5 అంటే చదవడానికి రాక ఇంకా ఏదీ తేలకుండా ఉన్నవి. సి6 అసలు సరిచేయలేకపోయినవి. సి7 మాత్రం చాలావరకు కేబుల్ గోల, డిస్కు జబ్బు కాదు. కేబుల్ మార్చినా సి7 పాత అంకె తగ్గదు, ఇంకా పెరుగుతోందా అన్నదే చూడాలి. ఒక సంగతి మర్చిపోబాక, అందులో అంకెలు మామూలుగా హెక్సాలో, అంటే పదికి బదులు పదహారు చొప్పున లెక్కపెట్టే పద్ధతిలో ఉంటాయి. 10 కనిపిస్తే పది కాదు, పదహారు. విండోస్ ఈవెంట్ వ్యూయర్‌లో (విండోస్ తనకొచ్చిన తప్పులు రాసుకునే చిట్టా) కూడా ఆధారం దొరుకుతుంది: డిస్క్ పేరుతో 7 వస్తే చెడ్డ బ్లాకు, ఎన్‌టీఎఫ్‌ఎస్ (విండోస్ ఫైళ్లను డిస్కులో అమర్చే పద్ధతి) పేరుతో 55 వస్తే పట్టిక చెడింది.

సి5 సున్నా కాకపోతే కాపీ పనే మొదటిది. ఫోల్డర్లు లాగి పడేసే కాపీ వద్దు, చెడ్డ చోట విండోస్ ఇరుక్కుపోతుంది. లైనక్స్ పెన్‌డ్రైవ్‌తో (విండోస్ బదులు వేరే సిస్టమ్ ఉన్నది) కంప్యూటర్ మొదలుపెట్టి, చెడిన డిస్కు నుంచి కాపీ తీసే డీడీరెస్క్యూ అనే ప్రోగ్రాం వాడతాం. అది ముందు బాగున్న చోట్లన్నీ లాగేసుకుని, మొరాయించిన చోట్లకి తరవాత వస్తుంది. ఎంతదాకా వచ్చిందో మ్యాప్ ఫైలులో రాసుకుంటుంది, మధ్యలో కరెంటు పోయినా ఆగిన కాడి నుంచే మొదలవుతుంది. ఆ మ్యాప్ ఫైలు పెట్టడం మానబాక. కొత్త డిస్కు పాతదానంత అన్నా ఉండాలి. కమాండులో ముందు రాసేది పాత డిస్కు పేరు, తరవాతది కొత్తది. తారుమారైతే ఖాళీ డిస్కు తెచ్చి నీ లెక్కల మీద పరిచినట్టవుతుంది, మళ్లీ దొరకవు. అందుకే సైజు, మోడల్ నంబరు రెండుసార్లు సరిచూసుకుని ఎంటర్ కొట్టు.

కాపీ చేతికొచ్చాక చెక్ డిస్క్ నడపాల్సింది ఆ కాపీ మీద, స్లాష్ ఎఫ్ చాలు. పాత డిస్కును క్విక్ ఫార్మాట్ టిక్కు తీసేసి పూర్తి ఫార్మాట్ చేయి. విండోస్ మొత్తం సున్నాలు రాస్తుంది, రాయలేని చోటును డిస్కే మార్చుకుంటుంది. తరవాత వారం పాటు 05, సి5 పెరగకపోతే సినిమాలు, పాటలు పెట్టుకో. పెరిగితే పారెయ్. లెక్కలు మాత్రం ఆ డిస్కులో ఎప్పటికీ పెట్టబాక.

యూపీఎస్ కొను, వాయిదా వేయబాక. మన తీరాన అక్టోబరు నుంచి డిసెంబరు దాకా వాయుగుండాల రోజులు, కరెంటు పోవడం రావడం లెక్కే ఉండదు. రాస్తుండగా కరెంటు పోతే పట్టిక చెడేది అప్పుడే. లెక్కల ఫోల్డరు ఇంకో డిస్కులో ఒక కాపీ, ఇంటి బయట ఇంకో కాపీ ఉండాలి. నెలకోసారి కాదు, గుంట పట్టుబడి అయిన ప్రతిసారీ తీసుకో.

కేబుల్ మార్చాక 05, సి5, సి6, సి7 నాలుగూ కనిపించేలా ఫోటో తీసి పంపు, పక్కనే డిస్కు మోడల్ పేరు కూడా పడాలి. అందాకా డీ డ్రైవు తెరవబాక. పెన్‌డ్రైవ్ నేనే తయారుచేసి ఆర్టీసీ కార్గోలో వేస్తా, కావలి బస్టాండులో తీసుకో. కొత్త డిస్కు కొనేముందు పాతది ఎంత సైజో చెప్పు.

మీ మామ